చాప, పార, గొడ్డలి

మా ఊళ్ళో మగవాళ్ళందరూ ఇల్లరికపు అల్లుళ్ళే. ఇల్లు ఆడవాళ్ళది, చేను ఆడవాళ్ళది, మొక్కజొన్న గాదె ఆడవాళ్ళది, పుట్టిన పిల్లలు తల్లి వంశం. పెళ్ళి చేసుకుని వచ్చిన మగవాడికి ఆ ఇంట్లో తనదంటూ ఉండేవి మూడే. పడుకునే చాప, చేను తవ్వే పార, కట్టెలు కొట్టే గొడ్డలి. ఆ మూడూ కలిపి పట్టుకుని పట్టపగలు ఊరి మధ్య నుంచి నడిచాడంటే ఇక అతన్ని ఎవరూ ఏమీ అడగరు. ఆ కాపురం అయిపోయిందని అర్థం. ఈ సంగతి మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు.

సాంతో బావకి తెలియదు. ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు. నీళ్ళలో దిగితే తడుస్తావని పెద్దవాళ్ళకి ఎవరు చెబుతారు?

ఆయన అసలు పేరు క్రిసాంతో. భార్య పేరు లూజ్‌విమిందా. వాళ్ళ ఫిలిప్పీన్సు దేశంలోని మూడు ప్రాంతాల పేర్లు ముక్కలు చేసి, అతికించి వాళ్ళ నాన్న ఆ పేరు పెట్టాడట. మా అమ్మమ్మ దేలియాకి అంత పేరు నోరు తిరగక, చివరి ముక్క మాత్రం ఉంచుకుని మిగతాది వదిలేసింది. అలా ఆవిడ ఊరందరికీ మిందా అయింది. ఇద్దరూ జీతం లేకుండా పనిచెయ్యడానికి వచ్చినవాళ్ళు. అక్క నర్సు, ఊరి ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లల్ని తూచి, సూదులు వేసి, తల్లుల్ని మెత్తగా తిడుతుంది. బావ పని ఊరి ఆడవాళ్ళ చేత చేపల గుంటలు తవ్వించి చేపలు పెంచడం నేర్పడం.

వాళ్ళకి ఉండడానికి ఇల్లెక్కడ అన్నప్పుడు మా అమ్మ ఎనిఫా మా వాకిట్లోనే ఉన్న రెండో ఇల్లు ఇచ్చింది. వారం తిరక్కుండా, నన్ను తదాలా అని పిలిచినంత మామూలుగా, మిందక్కని కూతురా అని పిలవడం మొదలుపెట్టింది. దాంతో సాంతో బావ తనంతట తనే మా ఇంటి అల్లుడైపోయాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

అల్లుడంటే అల్లుడిలా ఉండే రకం కాదు. పొద్దున్నే బోరింగు దగ్గర ఆడవాళ్ళ వరసలో బిందె పెట్టుకుని నిలబడతాడు. వంతు వచ్చేదాకా ఊరుకోకుండా ముందున్నవాళ్ళ బిందెలకి కూడా తనే కొడతాడు. "మిందమ్మా, మీ ఆయన్ని ఒక్క పూట అరువివ్వు, మా ఆయనకి చూపించి తిరిగి పంపుతాను" అని ఆడవాళ్ళు, "ఎందుకు సాంతో బావా మా కొంపలు కూలుస్తావు" అని మగవాళ్ళు అంటుండేవారు. మొక్కజొన్న పిండి న్సిమా ముద్ద గుమ్మడాకు కూరతో కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, "ఇక అన్నం ఎప్పుడు?" అని అడిగేవాడు. మా అమ్మ మొదట్లో హడలిపోయేది. తర్వాత తర్వాత గరిటె చూపించేది.

చేపల గుంట గట్టు మీద ఆయన ఒక గడ్డిబొమ్మ నిలబెట్టాడు, లకుముకి పిట్టలు చేపల్ని ఎత్తుకుపోకుండా. దానికి తన పసుపు చొక్కా, తన టోపీ పెట్టాడు. మా అమ్మమ్మకి చూపు మందం. గట్టు మీదుగా పోతూ ఆ బొమ్మని రెండుసార్లు పలకరించి, అది పలక్కపోయేసరికి ఇంటికొచ్చి, "అల్లుడికి పొగరెక్కువైంది" అని అమ్మకి ఫిర్యాదు చేసింది.

అలా రెండేళ్ళు కావచ్చాయి. వాళ్ళని పంపిన సంస్థ బండి శనివారం వస్తుందని కబురొచ్చింది. వెళ్ళిపోతారా, ఇంకో రెండేళ్ళు ఉంటారా అని అడగడానికి. ఊరంతా ఆ శనివారం గురించే మనసులో అనుకుంటోంది గాని, వాళ్ళని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. మా అమ్మైతే ఆ ప్రస్తావన వస్తే చాలు, కుండ కడగాలంటూ లేచిపోయేది. కడిగిన కుండే మళ్ళీ కడిగేది.

బుధవారం సాయంత్రం మిందక్క పొయ్యి దగ్గర ఎండుచేపల కూర కలుపుతోంది. నేను ఎదురుగా కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. గుంటల సంఘం పెద్ద ఫలేసి సంతోషంగా వచ్చి కూర్చుంది.

"మూడో గుంటకి చోటు చూశాం మిందమ్మా. వాగు పక్కన, నల్లమట్టి. వచ్చే వానలకి తవ్వేద్దాం, నేనుండి తవ్విస్తానని సాంతో గారు మాటిచ్చారు."

అక్క చేతిలో గరిటె ఆగింది. "ఎప్పుడిచ్చారు?"

"ఆదివారమేగా."

అక్క మళ్ళీ కలపడం మొదలుపెట్టింది. "మంచి చోటు" అంది అంతే. ఫలేసి వెళ్ళాక బావకి కూర వడ్డించింది, తను సరిగ్గా తినలేదు. ఆ తర్వాత వాళ్ళ గోడ అవతల నుంచి వాళ్ళ భాషలో మాటలు వినిపించాయి. గొంతులు పెరగలేదు. ఆయన మాటలు పొడుగ్గా, ఆవిడ మాటలు పొట్టిగా ఉన్నాయి. చివరికి ఆయన ఏదో అన్నాడు, ఆవిడ ఒక్కసారి ఫక్కున నవ్వి, వెంటనే ఆపేసింది. ఆ ఆపడం నాకు మంచిగా అనిపించలేదు.

మర్నాడు ఇళ్ళు అలికే రోజు. సామానంతా వాకిట్లో పెట్టేశాం. మొదటి గుంటలో చేపలు పట్టే రోజులు దగ్గరపడ్డాయి. నీటికుక్కలు తిరుగుతున్నాయని ఆడవాళ్ళు చెప్పారు. గట్టు మీద చిన్న పందిరి వేసుకుని పగలంతా కాపలా కాస్తానన్నాడు బావ. కర్రలు కొట్టడానికి గొడ్డలి, నేల చదును చెయ్యడానికి పార, మధ్యాహ్నం నడుము వాల్చడానికి చాప. అక్క కళ్ళెదుట లేకుండా ఒక పూట గడిపితే మంచిదని కూడా అనుకుని ఉంటాడు. నేను అప్పుడు పేడ, మట్టి కలుపుతూ ఇంటి వెనక ఉన్నాను. ఎలా బయల్దేరాడో నేను చూడలేదు. చూసినవాళ్ళందరూ తర్వాత చెప్పారు.

చాప చుట్టి నెత్తిన పెట్టుకున్నాడు. పార, గొడ్డలి ఒకే భుజాన వేసుకున్నాడు. మామూలుగానే కనబడిన ప్రతివాళ్ళనీ పలకరిస్తూ ఊరి మధ్య దారిన పోయాడు. మొదట ఎదురైంది ఊరిపెద్ద చిలంగా. ఆవిడ అరుగు మీద మొక్కజొన్న గింజలు వలుస్తోంది.

"లేచారా పెద్దమ్మా?"

"లేచాం. మరి మీరు..." అంటూండగా ఆవిడ చేతిలో కండె అలాగే ఉండిపోయింది.

బోరింగు దగ్గర ఆడవాళ్ళు కొట్టడం మానేశారు. "ఇవాళ ఎండ బాగుంటుంది" అన్నాడు వాళ్ళతో. వాళ్ళు ఆయన నెత్తిన ఉన్న చాపనే చూశారు. నలభై ఏళ్ళుగా ఇల్లరికం ఉంటున్న సాదికీ తాత తన చేతిలోని చెరుకుగడ ఇచ్చి, "దారిలో తిను నాయనా. మనసు గట్టి చేసుకో" అన్నాడు.

"ఎందుకు తాతా?"

"ఎవరికైనా వచ్చేదే."

బావ థాంక్స్ చెప్పి అక్కడే చెరుకు విరిచి నములుతూ ముందుకి సాగాడు. కాపురం పోయినా చెరుకు తింటున్నాడు, ఎంత గుండె ధైర్యం అనుకున్నారు అందరూ.

పిండిమర మా నాన్న లబానీది. నాన్న బావని చూసి మర ఆపేశాడు. "అబ్బాయీ, ఎక్కడికి?"

"చేపల దగ్గరికి. పోయొస్తా మామా."

నాన్న తర్వాత మాతో అన్నాడు, "వెళ్ళిపోయే మగవాళ్ళందరూ పోయొస్తాననే అంటారు. పాపం, సముద్రాలు దాటి వచ్చినవాడికి ఈ దేశంలో చేపలు తప్ప ఇంకెవరున్నారు అనుకుని నాకు ఏడుపొచ్చింది."

మేము అక్కవాళ్ళ గది సగం అలికేసరికి వాకిట్లో లోపలికి రావచ్చా అన్నట్టు "ఓదీ, ఓదీ" అని పిలుపులు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే పళ్ళేలలో పిండి పట్టుకుని వచ్చి, పిండి మా గడప పక్కన పెట్టి, నేల మీద కూర్చుని బుగ్గన చెయ్యి పెట్టుకున్నారు. చావుకి వచ్చినట్టు వచ్చారు. ఫలేసి నడుముకి చుట్టుకున్న చితెంజె గుడ్డ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"మిందమ్మా" అంది ఒకావిడ మెల్లిగా, "సాంతో గారు వెళ్ళారా?"

"వెళ్ళారు" అంది అక్క గోడ మూల అలుకుతూ, తల ఎత్తకుండానే. "వెళ్ళనీండి. నాకేం?"

అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చారు. మా అమ్మ లేచి వాకిట్లోకి వెళ్ళింది. గోడకి ఆనించి ఉండే పార లేదు. చూరులో దోపి ఉండే గొడ్డలి లేదు. సామాన్లలో చాప ఒక్కటే ఉంది, అక్కది. అమ్మ తిరిగొచ్చి తడి నేల మీద అలాగే చతికిలబడింది.

నేను అక్కని ఇంటి వెనక్కి తీసుకెళ్ళాను.

"అక్కా, బావ చాప తీసుకెళ్ళారా?"

"తీసుకెళ్ళరా మరి? మహారాజు మధ్యాహ్నం పడుకోవద్దూ?"

"పార?"

"అదీ."

"గొడ్డలి?"

"అన్నీ పట్టుకుపోయారు. ఏం, నీకేమైనా కావాలా తదాలా?"

నేను చెప్పాను. మూడూ కలిపి పట్టుకుపోవడం అంటే ఏమిటో, వాళ్ళంతా పిండి ఎందుకు తెచ్చారో, 'వెళ్ళనీండి' అన్న మాటకి ఊపిరి ఎందుకు పీల్చారో. అక్క నావంకే చూసింది. తర్వాత మట్టిచేత్తోనే నోరు మూసుకుని, వంగిపోయి, కింద కూర్చుని నవ్వింది. ముఖమంతా మట్టి అయింది. కళ్ళలో నీళ్ళు కారి ఆ మట్టిలో చారలు పడ్డాయి. ఆ నవ్వు ఆగాక అడిగింది.

"ఇప్పుడేం జరుగుతుంది?"

"పెళ్ళిపెద్దలు కూర్చుంటారు." న్ఖోస్వే అంటాం మేము. అటో పెద్ద, ఇటో పెద్ద. వాళ్ళు లేకుండా మాకు పెళ్ళీ లేదు, తగాదా తీరడమూ లేదు. "మొగుడూ పెళ్ళాం ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. ఎవరి మాట వాళ్ళ పెద్ద చెవిలో చెప్పాలి. పెద్ద పైకి చెబుతాడు."

"ఆయన నాతో మాట్లాడకూడదా?"

"కూడదు."

"నన్ను నవ్వించకూడదా?"

"ఊహూ."

అక్క పక్కనున్న గడ్డి పరక తెంపి వేలికి చుట్టింది. "పదేళ్ళ కాపురంలో నేను మొదలుపెట్టిన ఒక్క పోట్లాట చివరిదాకా పోలేదు తదాలా. మధ్యలో నవ్విస్తారు. నవ్వితే నేను ఒప్పేసుకున్నట్టు ఆయన లెక్క. రాత్రి కూడా అంతే." గడ్డి పరక విప్పి పారేసింది. "కూర్చోమను పెద్దల్ని."

"పొరపాటని చెప్పనా వాళ్ళకి?"

"పొరపాటని ఎవరన్నారు?" అని లేచి, ముఖం కడుక్కోకుండానే లోపలికి వెళ్ళి మిగతా గది అలికేసింది.

నేను చెప్పలేదు. మాట్లాడకుండా ఉండడం నాకు ఎప్పుడూ కష్టం కాదు.

ఈలోగా మా అమ్మమ్మ ఎవరికీ చెప్పకుండా కర్ర తీసుకుని చేపల గుంట దగ్గరికి పోయింది, అల్లుణ్ణి బతిమాలి తీసుకురావడానికి. అక్కడ జరిగింది బావ ఇప్పటికీ నటించి చూపిస్తాడు. అమ్మమ్మ గట్టు ఎక్కి, పసుపు చొక్కా కనబడగానే దాని ఎదురుగా కూర్చుంది.

"అల్లుడా, కోపం తగ్గించుకో. అది చిన్నది, నోరు జారి ఉంటుంది. నీకు అన్నం వండడం లేదా? నేను చెబుతా దానికి. ముద్ద తిన్నాక అన్నం అడిగితే తప్పేంటి, పెట్టమంటా." గడ్డిబొమ్మ ఉలకలేదు. "అదిగో, మళ్ళీ అదే పొగరు. పెద్దదాన్ని కాళ్ళీడ్చుకుంటూ వచ్చానే, కూర్చోమని కూడా అనవా? పోయిన నెలా ఇంతే చేశావు."

వెనక గడ్డిలో నిద్రపోతున్న బావ లేచాడు. "అమ్మమ్మా, నేనిక్కడున్నాను."

అమ్మమ్మ ఇటు చూసింది, అటు చూసింది. "ఇద్దరున్నారా?" అంది. "అదీ సంగతి. దానికి విసుగు రాదూ మరి."

తన కాపురం పోయిందని బావకి అమ్మమ్మ నోటనే తెలిసింది. ఆమె చెప్పింది సగం అర్థమయ్యేసరికి చాప, పార, గొడ్డలి మళ్ళీ నెత్తికెత్తుకుని ఊరి మధ్య దారినే పరిగెత్తుకొచ్చాడు. అరుగుల మీద వాళ్ళందరూ లేచి నిలబడ్డారు. వాకిట్లో మా అమ్మ అడ్డం నిలబడింది.

"అక్కడే ఆగండి అల్లుడు గారూ. చాప లోపలికి రావడానికి లేదు."

"అత్తయ్యా, నేను కాపలా కాయడానికి..."

"నాకు చెప్పకండి. మీ పెద్దకి చెప్పుకోండి."

"నాకు పెద్దెవరు?"

ఆ మాటకి ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అప్పటికి ఊరిపెద్ద చిలంగా కూడా వచ్చింది. "మీ పెళ్ళికి పెద్దలు నిలబడలేదా?" అని అడిగింది.

"నిలబడ్డారు. మా దగ్గరా ఉంటారు. పన్నెండు మంది."

చిలంగా మిందక్క వంక గౌరవంగా చూసింది. "పన్నెండు మందా! ఏరీ మరి?"

"సముద్రం అవతల."

"వస్తారా?"

"ఎలా వస్తారు?"

"అయితే రెండేళ్ళుగా మా ఊళ్ళో మీరిద్దరూ పెద్దలు లేకుండా కాపురం చేస్తున్నారా?" అంది చిలంగా. పైకప్పు లేని ఇంట్లో ఉంటున్నారా అన్నట్టు అంది. "తప్పు మాది. మేం చూసుకోవలసింది."

బావ అక్క వంక తిరిగాడు. అక్క గడప అలుకుతోంది. "మిందా" అన్నాడు.

"మాట్లాడకూడదు" అన్నారు ఆడవాళ్ళందరూ ఒక్కసారి.

అక్క తరఫున పెద్ద ఎవరో అనుకోవలసిన పని లేదు. మేనమామే నిలబడాలి, పక్క ఊళ్ళో భార్య ఇంట ఉండే మా మేనమామ యోతాము కబురంది అప్పటికే వచ్చాడు. అటు తరఫున ఎవరని వెతుకుతుంటే మా నాన్న ముందుకొచ్చాడు. "నేనుంటా."

"నువ్వు పిల్ల తండ్రి వరసవి కదా బావా" అన్నాడు యోతాము మావయ్య.

"ఈ ఇంట్లో నేనెప్పుడు సొంతవాణ్ణయ్యాను బావా? నేనూ చాపగాణ్ణే. ఒక చాపగాడి బాధ ఇంకో చాపగాడికే తెలుస్తుంది." మగవాళ్ళు చాలామంది తలలూపారు.

ఆ రాత్రి బావ పిండిమరలో బస్తాల మీద పడుకున్నాడు. శుక్రవారం పొద్దున ఒళ్ళంతా పిండితో తెల్లగా వచ్చాడు. మామిడిచెట్టు కింద అటు పక్క ఒక చాప, ఇటు పక్క ఒక చాప వేశారు. అక్క యోతాము మావయ్య వెనక, బావ మా నాన్న వెనక కూర్చున్నారు. మధ్యలో చిలంగా. చుట్టూ ఊరు. అమ్మ తోబ్వా అనే తియ్యటి మొక్కజొన్న జావ కాచి అందరికీ గ్లాసులు పంచింది. మర్నాడు బండి వస్తుందన్న సంగతి ఎవరూ ఎత్తలేదు గాని, దారి వైపు చూపులు పోతూనే ఉన్నాయి.

"మా పిల్ల ఏం తక్కువ చేసిందని మీవాడు చాప చుట్టాడు?" అని మొదలుపెట్టాడు మావయ్య.

"మావాడు చుట్టింది కాపలాకి. మీ ఊరివాళ్ళకి చూపు తక్కువ, నోరెక్కువ."

"పాతికేళ్ళుగా మా ఊరి కూడు తింటూ ఆ మాటంటావా బావా?"

"తినబట్టే తెలిసింది."

"మీ ఇద్దరి కాపురం సంగతి ఇంకోరోజు చూద్దాం" అంది చిలంగా. "వీళ్ళది కానీండి."

అక్క మావయ్య చెవిలో చెప్పబోయింది. ఆయనకి ఎడమ చెవి వినబడదు, కుడివైపుకి జరిగి చెప్పింది. అయినా అందరికీ వినబడింది. మావయ్య మాత్రం ఎవరికీ తెలియనట్టు గొంతు సవరించుకుని చెప్పాడు.

"మా పిల్ల అంటోంది, మూడో గుంట మాట ఫలేసికి ఆదివారం తెలిసింది. నాకు బుధవారం తెలిసింది. అదీ కూర కలుపుతుంటే తెలిసింది."

ఆడవాళ్ళు "ఆఁ" అన్నారు. ఫలేసి తల వంచుకుంది. మగవాళ్ళు కాలి వేళ్ళు చూసుకున్నారు. పెళ్ళాన్ని అడక్కుండా ఆవిడ ఊళ్ళో గుంట తవ్వుతానని మాటివ్వడం మా మగవాళ్ళలో ఎవరూ కలలో కూడా చెయ్యరు.

బావ నాన్న చెవిలో చాలాసేపు చెప్పాడు. నాన్న విన్నాడు. "తప్పే అంటున్నాడు."

"అంతసేపు చెప్పింది ఇంతేనా?" అన్నాడు మావయ్య.

"మిగతాది నవ్వులాట. ఇక్కడ అక్కర్లేదని వదిలేశాను."

అక్క పెదవులు బిగించింది. నవ్వు రాకుండా అని నాకు తెలుసు. మళ్ళీ మావయ్య చెవి దగ్గరికి జరిగింది. ఈసారి నెమ్మదిగా, ఆగి ఆగి చెప్పింది.

"మా పిల్ల అంటోంది, ఇక్కడికి వద్దామా అని మొదట్లో నన్ను అడిగారు. ఒకసారి కాదు, రోజూ అడిగారు. ఆలోచించుకోనిచ్చారు. సరే అన్నాను, వచ్చాను. ఇంకో రెండేళ్ళకి నన్ను అడగనక్కర్లేదా? నేనేమన్నా చాపనా, చుట్టి నెత్తిన పెట్టుకుపోవడానికి?"

బావ వెంటనే నాన్న చెవి దగ్గరికి రాలేదు. తోబ్వా గ్లాసు కింద పెట్టి, చేతుల మీది పిండి దులుపుకున్నాడు. తర్వాత కొద్దిగానే చెప్పాడు. ఈసారి నాన్నకి వదిలెయ్యడానికి ఏమీ లేనట్టుంది. ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మావాడు అంటున్నాడు, అడగడానికి భయపడ్డాను. ప్రతి ఆదివారం గుట్టెక్కి వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడి వస్తుంది. దిగేటప్పుడు కళ్ళు ఎర్రగా ఉంటాయి. అడిగితే ఇంటికి పోదామంటుంది. అంటే పోవాలి. నాకు పోవాలని లేదు. అందుకని అడగలేదు, ముందు ఫలేసికి చెప్పేశాను. చెప్పేస్తే ఇక అడగక్కర్లేదు కదా అని."

మా అమ్మ కుండ కడగడానికి లేచింది. అక్కడ కుండ లేదు. మళ్ళీ కూర్చుంది.

అక్క మొదటిసారి బావ వంక సూటిగా చూసింది. నోరు తెరిచి, గుర్తొచ్చి, మావయ్య వైపు తిరిగింది.

"మా పిల్ల అంటోంది, మాట్లాడేటప్పుడు నేను ఏడవకపోతే మా అమ్మ బాధపడుతుంది. కూతురు మర్చిపోయిందనుకుంటుంది. అందుకని ఇద్దరం కాసేపు ఏడ్చి, తర్వాత కూరల గురించి చెప్పుకుంటాం. అది పోవాలని కాదు."

"అయితే ఉండాలనా?" అని నాన్న ఆత్రంగా అడిగేశాడు, బావ ఏమీ చెప్పకుండానే.

"అది మీవాణ్ణి అడగమను. అడగలేదనేగా గొడవ" అన్నాడు మావయ్య. ఆ మాట అక్క చెప్పింది కాదు, ఆయన సొంతం.

అడగాలంటే మా దగ్గర ఉత్తి మాటతో అడగరు. మగవాడి తరఫు పుంజుని తెస్తుంది. ఇలాంటిది వస్తుందని నాన్న పొద్దునే కోటు కింద ఒక పుంజుని దాచి తెచ్చాడు. అది అప్పటిదాకా కిక్కురుమనలేదు. దాన్ని తీసి రెండు చేతులతో మావయ్య ముందు పెట్టాడు.

"మావాడు అడుగుతున్నాడు. ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉందామా?"

మావయ్య పుంజుని ఎత్తి అక్కకి చూపించాడు. మా పెళ్ళిళ్ళన్నిటిలో అడిగే మాటే అడిగాడు. "అమ్మాయీ, ఈ కోడిని తెచ్చినవాణ్ణి ఎరుగుదువా?"

"ఎరుగుదును."

"మరి తిందామా?"

తిందాం అంటే ఒప్పుకున్నట్టు. తినొద్దు అంటే కోడిని వాళ్ళకే తిరిగిచ్చి పొమ్మన్నట్టు. ఈ సంగతి అక్కకి ఎవరూ చెప్పలేదు. నాకూ తోచలేదు.

అక్క పుంజుని అటూ ఇటూ తిప్పి చూసింది. రెక్క ఎత్తి చూసింది. "వద్దు" అంది. "తినొద్దు."

ఫలేసి చేతిలో గ్లాసు ఒరిగి తోబ్వా కారిపోతోంది. బావకి ఆ జవాబు అర్థం తెలుసు, రాత్రి బస్తాల మీద నాన్న అంతా చెప్పాడు. ఆయన తల మెల్లిగా కిందికి పోయింది. నాన్న లేచి పుంజు కోసం చేతులు చాపాడు.

అక్క పుంజుని ఇవ్వలేదు. "ఏమైంది అందరికీ? ఇంత మంచి పుంజుని తినడమేంటి? పెంచుదాం. మన పెట్టతో జత చేస్తే పొదిగి, పిల్లలు ఎదిగేసరికి వానలొస్తాయి. మూడో గుంట మీద కోళ్ళగూడు కట్టుకుంటే రెట్ట నీళ్ళలో పడి చేపలకి పనికొస్తుంది. మా దేశంలో అలాగే కడతారు. ఈయనే చెప్పారు నాకు, పెళ్ళైన కొత్తలో. ఇప్పుడు మర్చిపోయినట్టున్నారు."

"మూడో గుంట మీదా?" అంది ఫలేసి.

"మరి ఇంకెక్కడ కడతాం?"

ఫలేసి గ్లాసు వదిలేసి నాలుక ఆడిస్తూ కూత పెట్టింది. ఆ కూత బోరింగు దాకా, మర దాకా పోయింది. తక్కిన ఆడవాళ్ళందరూ అందుకున్నారు. పుంజు బెదిరి అక్క చేతుల్లోంచి ఎగిరి చిలంగా ఒళ్ళో పడింది. నాన్న, మావయ్య ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, ఎవరు గెలిచారో తెలియక ఇద్దరూ గెలిచినట్టే ఎగిరారు. అమ్మ పరుగున పోయి మా పెట్టని పట్టుకొచ్చి నాన్న చేతిలో పెట్టింది, ఆడపిల్ల తరఫు ఇవ్వవలసింది అదే కాబట్టి. నాన్న దాన్ని తీసుకుని, లెక్క ప్రకారం కాసేపు పట్టుకుని, తిరిగి అక్కకే ఇచ్చేశాడు. గూట్లోకి జత కావాలి కదా.

"తినొద్దన్న పిల్ల కాపురం నిలబడడం నేను చూడ్డం ఇదే మొదలు" అంది చిలంగా, తన చితెంజె మీది ఈకలు దులుపుకుంటూ. "ఇక మాట్లాడుకోండి మీ ఇద్దరూ."

బావ లేచాడు. చాప తీసుకున్నాడు. ఇంత జరిగాక ఏం మాట్లాడతాడో విందామని అందరూ కూత ఆపారు. ఆయన అక్క ముందు నిలబడి, "లోపలికి రావచ్చా?" అని అడిగాడు.

"కాళ్ళు కడుక్కుని రండి. నిన్ననే అలికాను" అంది అక్క. అప్పుడు నవ్వింది. ఈసారి ఆపలేదు.

శనివారం బండి వచ్చింది. డ్రైవరు అడిగితే బావ నోరు మెదపలేదు, అక్క వంక చూస్తూ నిలబడ్డాడు. "ఉంటాం" అంది అక్క. డ్రైవరు బావని మళ్ళీ అడిగాడు. "ఆవిడ చెప్పిందిగా" అన్నాడు బావ. మా నాన్న పక్కనుంచి, నేర్చుకుంటున్నాడు అన్నట్టు తలూపాడు.

ఇప్పుడు మూడో గుంట సగం తవ్వారు. పెట్ట పొదుగుతోంది. బావ ప్రతిదానికీ అడుగుతున్నాడు. అడిగీ అడిగీ విసిగిస్తున్నాడని, కొన్ని అడక్కుండా చేసినా ఫరవాలేదని అక్క అంటోంది. ఒక్క విషయంలో మాత్రం ఆయన ఏమరడు. వారానికోసారి చాప ఎండలో వెయ్యడానికి గడప దాటేటప్పుడు దాన్ని నెత్తిమీదికి ఎత్తి, ఊరంతటికీ వినబడేలా "ఎండకే, ఎండకే" అని కేక పెడతాడు. అయినా నలుగురైదుగురు అరుగుల మీది నుంచి లేచి, భుజాన పార, గొడ్డలి కూడా ఉన్నాయేమోనని చూసి, అప్పుడు కూర్చుంటారు.

మా అమ్మమ్మ లేవదు. కూర్చున్నచోటి నుంచే అడుగుతుంది. "అరిచింది ఎవరే తదాలా? మనవాడా, ఆ పసుపు చొక్కావాడా?"